మూడు కళ్ల మిషను

పోయిన నెల సహన అనే అమ్మాయి పెర్త్ నుంచి హైదరాబాదు వెళ్తూ దారిలో సింగపూర్‌లో ఒక పూట ఆగింది. నేను ఒకప్పుడు అద్దెకున్న ఇంటి ఆవిడకి తమ్ముడి మనవరాలు. అంత దూరపు పరిచయమైనా బుకిట్ బటోక్‌లో మా ఫ్లాటు వెతుక్కుంటూ వచ్చి, నా భార్య వేసిన పెసరట్టు రెండోది సగంలో ఉండగా అసలు సంగతి అడిగింది. "అంకుల్, నేను తూటాలు సొంతంగా లోడ్ చేసుకోవడం స్టార్ట్ చేశాను. క్రోనోగ్రాఫ్ ఏది కొనమంటారు? తాతయ్య మిమ్మల్నే అడగమన్నారు."

ఆస్ట్రేలియాలో దూరపు గురి పోటీలకి వెళ్లే వాళ్లలో చాలామంది తూటాలు కొనుక్కోరు. పేలిన తూటా గొట్టాన్ని పారేయకుండా దాచి, అందులో తూచిన తుపాకిమందు పోసి, కొత్త బుల్లెట్ బిగించి మళ్లీ వాడతారు. అలా చేసిన తూటాలన్నీ ఒకే వేగంతో వెళ్తున్నాయా లేదా అని చూసే మిషను పేరు క్రోనోగ్రాఫ్. సహనకి నాలుగు నిమిషాల్లో సమాధానం చెప్పాను. ఇప్పుడు పుస్తకమంత రాడార్ పెట్టెలు వచ్చాయి. రైఫిలు పక్కన నేల మీద పెడితే చాలు, అంకెలన్నీ ఫోన్లోకి వస్తాయి, సగటు, తేడా అన్నీ అదే కడుతుంది. వెలుతురుతో పని లేదు, రైఫిలు గొట్టానికి తగిలించేది ఏదీ లేదు. కొనమన్నాను. ఆ అమ్మాయి రాసుకుని, "మీరు ఏ రైఫిల్ వాడేవారు?" అంది.

"ఏదీ వాడలేదమ్మా."

"అంటే, ఎయిర్ రైఫిలా?"

"నేను ఇంతవరకు రైఫిలు ముట్టుకోలేదు."

తిండి తినని వాడు రాసిన వంటల పుస్తకాన్ని చూసినట్టు చూసింది. ఆ చూపు న్యాయమైనదే. సింగపూర్‌లో ఒక్క తూటా ఇంట్లో దొరికినా ఆ మనిషి చాలాకాలం ఇంటికి రాడు. తుపాకులూ తూటాలూ అన్నీ క్లబ్బుల్లో తాళాల వెనక ఉంటాయి. ఇక్కడ ఎవరైనా ఇంట్లో తూటాలు చేశారంటే అది కాయితం మీదే. నేను చేసింది అదే. నాకు ఆ పని పెట్టిన మనిషి పేరు అప్పలనాయుడు.

నేను సింగపూర్ వచ్చింది షిప్‌యార్డు పనికి. మాది ఒంగోలు వైపు. ఐటీఐ చదివాను కనుక వెల్డింగుకి కాకుండా కొలత సామాన్ల స్టోరులో పడేశారు. పొద్దున మైక్రోమీటర్లు లెక్కపెట్టి ఇవ్వడం, సాయంత్రం లెక్కపెట్టి తీసుకోవడం. మధ్యలో ఎనిమిది గంటలు ఖాళీ. ఆ ఖాళీలో చదువుకోవడానికి పాత పుస్తకాల కొట్టులో ఒక గణాంక శాస్త్రం పుస్తకం కొన్నాను. దానికి మొదటి నలభై పేజీలు లేవు. కనుక నా చదువు నలభై ఒకటో పేజీ నుంచి మొదలైంది. ఆ ముందు ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు, దాని అవసరమూ రాలేదు.

అప్పలనాయుడు అంకుల్ మా యార్డులో ఫిట్టర్ల ఫోర్‌మన్. అప్పటికి అరవైకి దగ్గర పడ్డారు. ఆయన తల్లిదండ్రులు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చినవాళ్లు. ఆయన పుట్టింది తోటలోనే. ఊరు ఎప్పుడూ చూడకపోయినా ఆ ఊరి మాట మాత్రం పొల్లుపోకుండా ఆయన నోట్లో ఉండేది, అక్కడక్కడ మలయ్ ముక్కలతో. మైక్రోమీటరు తిరిగి ఇస్తూ ఒక రోజు నా పుస్తకం చూసి, "ఏటిరా సదువుతున్నావు?" అన్నారు. కొలిచిన ప్రతిసారీ అంకె మారుతుంటే అసలు అంకె ఎంతో కనుక్కోవడం గురించి అన్నాను. ఆయన డార్మిటరీలో ఎంత మందిమి ఉంటామని అడిగారు. గదికి పన్నెండు మందిమన్నాను. నెల తిరక్కుండానే నేను హౌగాంగ్‌లో వాళ్ల నాలుగో అంతస్తు ఫ్లాటులో వెనక గదిలోకి మారాను.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు విడివిడిగా గుర్తుంది. గుమ్మంలో ఆయన యార్డు బూట్ల గ్రీజు వాసన, హాల్లోకి వస్తే సాయంత్రం దీపం వెలిగాక నూనె వాసన, వంటగది వైపు ఎండుచేపల వాసన. మూడూ కలిసేది సోఫా దగ్గర. సింహాచలం ఆంటీ ఆ ఇంటిని ఒకే ఒక్క సూత్రం మీద నడిపేవారు: బోలుగా ఉన్న ఏ వస్తువునీ ఖాళీగా ఉంచకూడదు. చెప్పుల్లో సాక్సులు, టీ కెటిల్లో ఎండుమిరపకాయలు, పాత ప్రెషర్ కుక్కర్లో గుండీలు. నా గొడుగు మడిచి పెడితే తెల్లారేసరికి దాంట్లో ఒక అగరొత్తుల కట్ట ఉండేది. ఊరికి ప్రయాణమైతే సూట్‌కేసు ఆవిడే సర్దాలి. వేరే ఎవరు సర్దినా ఖాళీలు మిగిలిపోయేవి.

అంకుల్‌కి ఒకటే వ్యసనం. సాయంత్రం ఆరింటికి స్నానం చేసి, హాల్లో చాప మీద బోర్లా పడుకుని, చేతికర్రని భుజానికి ఆనించి, ఎదురు గోడ మీద క్యాలెండర్‌కి అంటించిన నల్ల చుక్క వైపు గురిపెట్టి అరగంట ఊపిరి బిగబట్టి వదిలేవారు. ఆంటీ పిండి గిన్నెతో ఆయన మీదుగా దాటి వెళ్లేవారు. ఏడాదికొకసారి, ఒక వారం పాటు, ఆయన క్లబ్బు జట్టు పశ్చిమ ఆస్ట్రేలియాలో తొమ్మిది వందల గజాల పోటీకి వెళ్లేది. ఆంటీ తమ్ముడు గౌరునాయుడు గారు పెర్త్ దగ్గరే ఉండేవారు. రైఫిలు ఆయన లైసెన్సు మీద అక్కడే ఉండేది. ఆ ఒక్క వారంలో అంకుల్ బావమరిది షెడ్డులో కూర్చుని తూటాలు చేసుకునేవారు. మిగతా యాభై ఒక్క వారాలూ హౌగాంగ్‌లో ఒక నోటుబుక్కు, పెన్సిలు.

నేను ఆ ఇంట్లో చేరిన రెండో ఏడు పోటీ నుంచి ఆయన మాట లేకుండా తిరిగొచ్చారు. ఆదివారం జట్టు కెప్టెన్ టాన్ ఇంటికి వచ్చారు. నెమ్మదైన మనిషి. ఆంటీ ఇచ్చిన టీ పూర్తిగా తాగాక గాని విషయం ఎత్తలేదు. ఆయన తెచ్చిన టార్గెట్ కాయితం మీద అంకుల్ బుల్లెట్లు తగిలిన గుర్తులు పక్కలకి బాగానే ఉన్నాయి. పైకీ కిందకీ మాత్రం మూడడుగుల మేర పరుచుకున్నాయి. "నాయుడు అంకుల్, వచ్చే ఏడు మీరు స్కోరు రాయండి. ఏసీలో కుర్చీ ఉంటుంది, హాయిగా లా," అన్నారు, మాట చివర లా తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో.

అంకుల్ కాయితం వైపు చూడలేదు. "ఐ గుడ్. అమ్యునిషన్ నో గుడ్," అన్నారు.

టాన్ కాయితం మడిచారు. "సరే. తూటాల తప్పని నిరూపించండి. మీ జాగా మీకే ఉంచుతాను."

ఆయన వెళ్లాక అంకుల్ నన్ను వెనక గదిలోంచి పిలిచారు. ఎంత జాగ్రత్తగా పోసినా త్రాసు కాస్త అటూ ఇటూ అయితే మందు ఒక్కోసారి ఒక్కోలా కాలుతుంది. వేగం పెరిగితే బుల్లెట్ పైన తగులుతుంది, తగ్గితే కింద. ఆయన వాదన అది, అందులో తప్పు లేదు. తప్పు ఆ మందుదైతే త్రాసు మార్చుకుంటే సరిపోతుంది. కాకపోతే ముప్పై ఏళ్లుగా ఏడాదికి ఏడు రోజులు బతికిన మనిషికి ఆ ఏడు రోజులూ పోతాయి. "మిషను నువ్వే ఎంచాల. నీకు లెక్కలొచ్చును. నాకు రావు," అన్నారు. ఆయన ఏదైనా తనకి రాదని చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆయన క్లబ్బు నుంచి తెచ్చిన క్యాటలాగులు ముందేసుకుని నాలుగు వారాలు కూర్చున్నాను. అప్పట్లో ఈ మిషన్లన్నీ ఒకే పద్ధతి. ఒక కడ్డీ మీద పైకి చూసే కళ్లు వరసగా ఉంటాయి. మీదుగా బుల్లెట్ నీడ పోగానే మొదటి కన్ను గడియారాన్ని మొదలుపెడుతుంది, చివరి కన్ను ఆపుతుంది. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. అన్నిటికంటే చిన్నది అన్నం క్యారియరంత ఉంది, కళ్ల మధ్య దూరం ఒక్క అడుగు. ఆంటీకి అదే నచ్చింది, సూట్‌కేసులో మూలకి పడుతుందని. నాకు ఆ ఒక్క అడుగు నచ్చలేదు. బుల్లెట్ సెకనుకి రెండు వేల ఎనిమిది వందల అడుగులు పోతుంది. ఆ గడియారం సెకనులో పదిలక్షల వంతుల్ని లెక్కపెడుతుందని కరపత్రంలో రాశారు. అంటే అడుగు దూరం దాటేలోపు అది లెక్కపెట్టేది మూడు వందల యాభై ఏడు వంతులు. ఒక్క వంతు అటూ ఇటూ అయితే వేగంలో ఎనిమిది అడుగులు తేడా వచ్చేస్తుంది. కళ్లు ఏ మబ్బుకో కాస్త తడబడితే ముప్పై, నలభై. మనం పట్టుకోవాలనుకునే దొంగ కూడా అంత వాడే. దొంగా పోలీసూ ఒకే ఎత్తు ఉంటే వచ్చిన వాడు ఎవరో తెలియదు.

ఇంకొకటి నాలుగడుగుల కడ్డీ. దూరం నాలుగింతలు, కనుక అదే గడియారం చేసే తప్పు నాలుగో వంతు. పైగా దానికి మధ్యలో మూడో కన్ను ఉంది. ముందు సగంలో వేగం ఒక గడిలో, మొత్తం మీద వేగం ఇంకో గడిలో చూపిస్తుంది. రెండూ కలవకపోతే మిషనే తప్పు ఒప్పుకున్నట్టు. తన మీద తానే చాడీ చెప్పే వస్తువుని నేను అంతవరకు చూడలేదు. అదే తెప్పించండి అన్నాను.

వచ్చిన రోజు హాల్లో బిగించి స్విచ్చి వేశాం. ఎవరూ ఏమీ కాల్చకుండానే సెకనుకి పదకొండు వందల అడుగులని చూపించింది. పైన ట్యూబ్‌లైటు, దాని కింద తిరిగే ఫ్యాను రెక్కలు దానికి బుల్లెట్లలా కనిపించాయి. "అలామాక్! మన ఫేనుకి లైసెన్సు తియ్యాల," అన్నారు అంకుల్. ఆ ఇంట్లో ఆ రెండు నెలల్లో అందరం నవ్వింది అప్పుడే.

కొలవడానికని ఆయన ఆ ఏడు సెలవు పెట్టి రెండోసారి పెర్త్ వెళ్లాలనుకున్నారు. నాలుగడుగుల కడ్డీ ఏ సూట్‌కేసులోనూ పట్టదు. విమానంలో విడిగా పంపితే వంగుతుందని ఆయన భయం. యార్డులో మధ్యాహ్నం భోజనం వేళ ఆయనే కడ్డీని మధ్య కన్ను దాటాక రంపంతో రెండు ముక్కలు కోశారు. లేతు మీద ఒక ఇత్తడి గొట్టం తీశారు. రెండు ముక్కలూ చెరో వైపు నుంచి ఆ గొట్టంలోకి దూరి మధ్యలో ఒకదానికొకటి తగిలితే కడ్డీ మళ్లీ సరిగ్గా నాలుగడుగులు. గొట్టం అంచు దగ్గర రెండో ముక్క మీద నేను సూదితో సన్నటి గీత గీశాను. "అంకుల్, బిగించాక ఈ గీత కనిపించకూడదు. కనిపిస్తే ముక్క పూర్తిగా లోపలికి పోలేదని." "తెలిసిందిరా," అన్నారు.

సూట్‌కేసు ఆంటీ సర్దారు. అక్కడి కస్టమ్స్ వాళ్లు తిండి సామాన్లు రానివ్వరు కనుక మరదలి కోసం ఇడ్లీ పాత్ర, జంతికల గొట్టం, దీపం ఒత్తులు పెట్టారు. అంకుల్ నాకు నోటుబుక్కులో ఒక పేజీ చూపించి వెళ్లారు. ఇరవై తూటాలకి ఇరవై వరసలు గీసి ఉన్నాయి, రెండు గడులతో.

వారం మధ్యలో గౌరునాయుడు గారింటి నుంచి ఫోన్ వచ్చింది. మొదట ఆయనే మాట్లాడారు. "ఇదిగో కోటీ, మీ మిషను ఏటి సెప్తన్నాదో తెలుసునా? తూటాల పుస్తకంలో ఈ మందుకి రెండు వేల ఎనిమిదొందలని ఉంటే, ఇక్కడ రెండు వేల ఏడొందల యాభై ఏడు. మందు సాల్లేదు. బావని ఓ సిటికెడు పెంచమని సెప్తన్నాను, ఇనడు." వెనక నుంచి అంకుల్ గొంతు వినిపించింది. "పుస్తకం దాటను. తక్ బోలే, కుదరదు. నీకు తొందరగుంటే నువ్వు పేల్చుకో." తర్వాత ఫోన్ తీసుకుని, ఇరవై కాల్చానని, అంకెలు తెస్తానని చెప్పి పెట్టేశారు.

ఆయన వచ్చిన మర్నాడు ఆదివారం. పొద్దున పది గంటలకి వంటగది బల్ల దగ్గర కూర్చున్నాం. ఆంటీ మా ఎదురుగా చేపలు గీరుతున్నారు. నోటుబుక్కు తెరిచిన నిమిషంలోనే ఒకటి కనిపించింది. ఇరవై వరసల్లోనూ ముందు సగం వేగం మొత్తం వేగం కంటే ఎక్కువ, ఆ తేడా ప్రతిసారీ నలభై మూడుకి ఒకటి రెండు అటూ ఇటూ. మందు తప్పులు చేస్తే ఇంత క్రమంగా చెయ్యదు. "అంకుల్, బిగించాక గీత లోపలికి పోయిందా?"

"పోనాది. కనబడలేదు."

ఇత్తడి గొట్టం తెమ్మని వెలుతురులో పట్టుకుని చూశాను. మధ్యలో ముప్పావు అంగుళం మందాన దూది, నాణెంలా గట్టిపడి ఉంది. ఆంటీ వంగి చూసి, "నా ఒత్తులు!" అన్నారు. "గొట్టం ఖాళీగా ఉంటే లోపల సగం దూర్చినాను. మరదలు కట్ట సగమే వొచ్చిందని ఫోన్లో ఒకటే గోల." కడ్డీ ముక్కలు రెండూ ఆ దూదికి తగిలి ఆగిపోయాయి. నాలుగడుగులు నాలుగడుగుల ముప్పావు అంగుళం అయింది. మిషనుకి ఆ సంగతి తెలియదు. దూరం పెరిగితే అది బుల్లెట్ నెమ్మదించిందనుకుంది. అసలు వేగం పుస్తకంలో ఉన్నదే. గౌరునాయుడు గారి మాట విని చిటికెడు మందు పెంచి ఉంటే ఏమయ్యేదో నాకు ఆ రోజు తట్టలేదు. మందు మితి దాటితే రైఫిలు కాల్చేవాడి మొహం దగ్గరే పగులుతుంది.

"అయితే అంకెలన్నీ సెడిపోనట్టేనా?" అన్నారు అంకుల్. ఆ గొంతులో కొంచెం ఆశ ఉంది. నేను దాన్ని అప్పుడు గుర్తించలేదు. లెక్క దొరికిన సంతోషంలో ఉన్నాను. లేదు అంకుల్, ఇరవైకి ఇరవై ఒకేలా తగ్గాయి, కనుక వాటిలో వాటికి తేడా ఎంతో ఆ తేడా అలాగే ఉంటుందని చెప్పి, పెన్సిలు తీసుకుని కట్టేశాను. అన్నిటికంటే వేగమైనదానికీ నెమ్మదైనదానికీ మధ్య ఇరవై ఎనిమిది అడుగులు. ఆయన దగ్గరున్న పట్టిక ప్రకారం తొమ్మిది వందల గజాల దగ్గర పది అడుగుల వేగానికి మూడంగుళాలు. అంటే ఎనిమిదంగుళాలు, జానకి కొంచెం తక్కువ.

"ఎనిమిదేనా?"

"ఎనిమిదే."

"ఆ కాయితం మీద ఎంతున్నాది?"

"ముప్పై ఆరు."

తప్పులు నేరుగా కూడవు, వాటిని వాటితోనే హెచ్చవేసిన చదరాలు కూడతాయని నా పుస్తకంలో ఉంది. ముప్పై ఆరు చదరం పన్నెండు వందల తొంభై ఆరు. ఎనిమిది చదరం అరవై నాలుగు. ఇరవైలో ఒక వంతు మందుది. పంతొమ్మిది వంతులు ఇంకెవరివో. నేను ఇదంతా పైకి చదువుతూ కట్టాను. ఇంకెవరివో అనే దగ్గరకి వచ్చాక పెన్సిలు కింద పెట్టాను.

"గాలి?" అన్నారు ఆయన.

"గాలి పక్కకి తోస్తుంది అంకుల్. పక్కలకి మీరు బాగానే వేశారు."

"మిషను తప్పేమో. నమ్మకమేటి దాన్ని."

నేను అవుననేస్తే అయిపోయేది. మిషను మంచిది కాదు, ఏమీ తేలలేదు అంటే టాన్ ఇంకో ఏడాది ఊరుకునేవారు. లెక్క చూడగలిగిన వాళ్లు ఆ ఇంట్లో నేను తప్ప లేరు. కాని ఆ మాట అనబోతుంటే లెక్క ఎదురు తిరిగింది. మిషను చేసిన తప్పు కూడా ఆ ఇరవై ఎనిమిదిలోనే కలిసి ఉంటుంది. దాన్ని తీసేస్తే తూటాలకి మిగిలేది ఇంకా తక్కువ. మిషను ఎంత చెడ్డదైతే తూటాలు అంత మంచివి. ఏ వైపు నుంచి సాకు వెతికినా అది ఆయన మీదకే వస్తోంది. ఇదే మాట ఆయనకి నెమ్మదిగా చెప్పాను. పాతికేళ్లు నిండని వాడు అరవై ఏళ్లాయనకి చెప్పవలసిన మాట కాదు. ఎలా చెప్పాలో నా పుస్తకంలో లేదు. ఆ మొదటి నలభై పేజీల్లో ఉండేదేమో.

ఆంటీ చేప గీరడం ఆపారు. "రెండేళ్లనుంచి సూస్తన్నాను. టీ గలాసు ఇక్కడుంటే అక్కడ పోస్తన్నాడు. ఆసుపత్రికెల్దామంటే కరుస్తాడు."

"నువ్వూరుకో."

"ఊరుకునే ఉన్నాను. ఈ గుంటడు కట్టిన లెక్క కూడా ఊరుకోవాలేటి?"

ఆయన లేచి హాల్లోకి వెళ్లారు. చాప పరవలేదు. నిలబడే, ఎడమ అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని, ఎదురు గోడ క్యాలెండర్ వైపు కుడి కంటితో చూశారు. గురి చూసే కన్ను అదే. రోజూ సాయంత్రం రెండు కళ్లూ తెరిచి చూసేవారు. మంచి గురికాడు కన్ను ముయ్యడని ఆయన గొప్ప. కాసేపు చూసి, "సుక్క ఎవులు తీసేసినారు?" అన్నారు.

"ఎవులూ తియ్యలేదు," అన్నారు ఆంటీ.

నేను గీసిన గీత ఆయనకి ఎందుకు కనబడలేదో నాకు అప్పుడు అర్థమైంది. అది గొట్టం బయటే ఉంది. ఆయన అబద్ధం చెప్పలేదు.

ఆ వారమే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం పాడైందన్నారు. కుడి కంటికి నడిమి చూపు కూడా పోయింది, అది ఇక రాదు. ఎడమ కంటికి కూడా మొదలైంది. చుక్కలు వేసుకుంటే ఉన్నది ఉంటుంది, ఇంకో ఏడాది ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నారు. తిరిగొస్తూ బస్సులో నేను అన్నం క్యారియరంత మిషను గురించి ఆలోచించాను. అదే కొని ఉంటే తన తప్పూ తూటాల తప్పూ కలిపి వంద అడుగులు చూపించినా చూపించేది. నేను దాన్ని నమ్మకంగా కట్టి, మందే దొంగ అని కాయితం ఇచ్చేవాణ్ని. ఆయన కొత్త త్రాసు కొనుక్కుని, ఆ ఏడాదంతా సంతోషంగా చాప మీద పడుకుని గుడ్డివాడయ్యేవారు. సూట్‌కేసులో మూలకి పట్టేది కూడా.

ఇప్పటి రాడార్ పెట్టెకి ఏ కడ్డీ అక్కర్లేదు. ఏ ఒత్తులూ దాన్ని మోసం చెయ్యలేవు. చదరాలు తియ్యడానికి పక్క గదిలో అద్దెకుండే వాడు అక్కర్లేదు. సహన దాన్ని నేల మీద పెట్టి, ఫోన్లో అంకె చూసుకుని, ఇంటికి పోతుంది. మంచిదే. నేను అదే కొనమన్నాను. మా అమ్మాయికి నేను ఈ కథ చెప్తే, "సో ది ఓల్డ్ వన్ వాజ్ వర్స్, లా," అంది. అవును, అన్ని విధాలా. ఆ ముప్పావు అంగుళం కోసం ముగ్గురం ఒక ఇత్తడి గొట్టంలోకి తొంగి చూసిన పొద్దుట లాంటిది ఇప్పటి మిషను ఇవ్వలేదనే మాట నిజమే. కాని అది మిషను కొనడానికి కారణం కాదు. అంకుల్, ఆంటీ ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. నాకు ఇప్పుడు ఆయన అప్పటి వయసు దగ్గర పడుతోంది. ప్రతి ఏడాదీ ఒక్కొక్క కన్ను మూసి పరీక్ష చేయించుకుంటాను.

నేను రాసిన కాయితం అంకుల్ తానే టాన్ దగ్గరకి తీసుకెళ్లారు. నన్నూ రమ్మన్నారు. క్లబ్బు వరండాలో బల్ల మీద కాయితం పరిచి, "అమ్యునిషన్ గుడ్. ఐ నో గుడ్," అన్నారు. ఆయన ఇంగ్లీషులో రెండు నెలల క్రితం చెప్పిన మాట తిరగేశారంతే. టాన్ కాయితం పైనుంచి కిందదాకా చదివారు. అడగవలసిన ప్రశ్న సరిగ్గా అడిగారు. "ఇంత సమంగా తూటాలు మా జట్టులో ఇంకెవరూ చెయ్యలేరు. వచ్చే ఏడు మీరు చేస్తారా? వేరే వాళ్లు కాలుస్తారు." సూదిగీత కనబడకపోయినా, మందు తూచడానికి ఆయన ఎడమ కంటికి మిగిలిన చూపు చాలు. అంకుల్ ఒప్పుకుంటారని నేను అనుకోలేదు. "గీత గీసే పని ఉంటే మాత్రం ఈడు సెయ్యాల," అని నా భుజం మీద చెయ్యి వేశారు.

మరుసటి ఏడు ఆయన గౌరునాయుడు గారి షెడ్డులో కూర్చుని జట్టంతటికీ తూటాలు చేశారు. ఆయన స్థలంలో క్లబ్బులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి పడుకుంది. పోటీ అయిన సాయంత్రం హౌగాంగ్‌కి ఫోన్ చేశారు. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో చెప్పలేదు. ఆంటీ ఫోన్ నా చేతికిచ్చారు.

"ఒరే కోటీ. నువ్వు ఎనిమిదంగుళాలన్నావు. ఆ గుంటకి పైకీ కిందకీ తొమ్మిది వొచ్చినాది. నీ లెక్క మళ్లీ సూడు."

పెన్సిలు దొరకలేదు, మనసులోనే కట్టాను. తొమ్మిది చదరం ఎనభై ఒకటి. అరవై నాలుగు తీసేస్తే పదిహేడు. దాని మూలం నాలుగు, కొంచెం పైన. "లెక్క సరిగ్గానే ఉంది అంకుల్. ఎనిమిది మీ తూటాలది. ఆ అమ్మాయి వాటా నాలుగంగుళాలు."

 అవతల గౌరునాయుడు గారి కుక్క అరుస్తోంది.

"నాలుగే?"

"నాలుగే."

"పర్లేదు," అన్నారు. "ఆ వయసులో నాకు మూడు."

ఆయన ఆ వయసులో ఉన్నప్పుడు ఇలాంటి మిషను ఆయన దగ్గరే కాదు, ఆ క్లబ్బులోనే లేదు. ఆ మూడు ఎలా తెలిసిందని అడిగాను.

"నానెరగనా?" అని ఫోన్ పెట్టేశారు.

నా దగ్గర ఇన్నేళ్లలో పోగైన కొలతల్లో, తప్పు ఎంత ఉండొచ్చో పక్కన రాయకుండా వదిలేసింది ఆ ఒక్క మూడంగుళాలే.